ఐదో గడి: న్యాయంగా కొనడం మీద ఆరు నెలల డైరీ

1వ రోజు

బీరువాలో ఉన్నవన్నీ తీసి నేల మీద పోశాను. అటక మీది సంచులు దించాను. సొరుగుల్లో మూలకు చేరిన ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు కూడా బయటికొచ్చాయి. మొత్తం 164. బట్టలు 121, చెప్పులూ బూట్లూ కలిపి 9 జతలు, సంచులు 14, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేవి 20. ఒక్క మనిషికి ఇన్ని.

ఎందుకు మొదలుపెట్టానో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. నాలుగైదేళ్ళుగా నన్ను నేను చూసి కొనే మనిషిని అనుకుంటున్నాను. ఎవరు కుట్టారు, వాళ్ళకు సరైన కూలి ముట్టిందా, ఆ రంగు నీళ్ళు ఏ వాగులో కలిశాయి అని ఆలోచించాకే డబ్బు తీస్తానని నా నమ్మకం. నలుగురిలో మాటొస్తే అదే చెబుతాను. ఆ నమ్మకానికి నా బీరువాలో సాక్ష్యం ఎంతుందో మాత్రం ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

పొడుగు నోట్‌బుక్ ఒకటి తీసుకున్నాను. ప్రతి వస్తువుకూ ఒక వరస, వరసకు నాలుగు గడులు: వస్తువు పేరు, దేనితో ఎక్కడ తయారైంది, ఎన్నాళ్ళ కిందటిది, ఎన్నిసార్లు వాడాను. ఆరు నెలలు కొత్త బట్ట గానీ చెప్పులు, బూట్లు గానీ కొత్త గ్యాడ్జెట్ గానీ కొనను. చిరిగితే నేనే కుడతాను. చెడిపోతే బాగుచేయడానికి కనీసం ఒక ప్రయత్నం చేస్తాను. ఏదో ఒక్క వస్తువు పట్టుకుని దాని పుట్టుక దాకా వెతుక్కుంటూ పోతాను. మాట తప్పి కొంటే అది కూడా దాచకుండా రాస్తాను.

4వ రోజు

రెండో గడి నింపడానికి మూడు సాయంత్రాలు పట్టింది. 38 బట్టలకు లేబుల్ లేదు. కొన్నిటికి అరిగిపోయింది, చాలావాటికి మెడకు గుచ్చుకుంటోందని నేనే కత్తిరించేశాను.

లేబుల్ ఉన్నచోట కూడా తెలిసేది తక్కువే. పత్తి ఒక దేశంలో పండుతుంది, ఇంకో దేశంలో వడుకుతారు, మరోచోట నేస్తారు, వేరేచోట రంగు అద్దుతారు, ఆఖరికి ఎక్కడో కత్తిరించి కుడతారు. లేబుల్ మీద సాధారణంగా కనిపించేది ఆ ఆఖరి మజిలీ పేరొక్కటే. ఒక నూలు టీషర్టు వెనక సుమారు 2,700 లీటర్ల నీళ్ళు ఉంటాయని తరచూ చెప్పే లెక్క. అందులో ఎక్కువ భాగం పొలంలో ఖర్చయ్యేది. ఆ పొలం ఊసు లేబుల్ మీద ఉండదు.

తర్వాత సంచుల వంతు. 14లో 9 గుడ్డ సంచులు. ప్లాస్టిక్ వద్దనుకున్నవాళ్ళ చేతిలో ఉండే రకం, మీద ఒక మంచి మాట అచ్చువేసి ఉంటుంది. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేసిన లెక్క గుర్తొచ్చింది. వాతావరణం మీద పడే భారం ఒక్కటే చూస్తే, మామూలు పత్తి సంచిని 52 సార్లు వాడితే పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానమవుతుంది. సేంద్రియ పత్తిదైతే 149 సార్లు. ఓజోన్ పొర దగ్గర్నుంచి అన్ని రకాల భారాలనూ లెక్కలోకి తీసుకుంటే అంకెలు 7,100కి, 20,000కి పోతాయి. ఆ పెద్ద అంకెలు చూపించి గుడ్డ సంచి దండగ అనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. సముద్రంలో చేరే ప్లాస్టిక్‌ను ఆ లెక్క కొలవలేదు. కానీ అందులో నాకు తగిలే మాట ఒకటుంది. ఒకే సంచి ఏళ్ళతరబడి వాడితేనే దానికి అర్థం. నా దగ్గర తొమ్మిది ఉన్నాయి.

తొమ్మిది ఎందుకున్నాయని కూర్చుని ఆలోచిస్తే ఒకే జవాబు వచ్చింది. భుజాన వేసుకుని వెళ్తుంటే నేనెలాంటి మనిషినో చెప్పకుండానే తెలుస్తుందని. నోట్‌బుక్‌లో ఐదో గడి గీశాను. దాని పేరు "ఎవరు చూడాలని?"

9వ రోజు

వాడనివన్నీ మూటకట్టి ఎవరికైనా ఇచ్చేద్దామని నిన్న బుద్ధి పుట్టింది. మూట కట్టాను కూడా. ఈరోజు విప్పేశాను.

మూట గుమ్మం దాటితే గుండె తేలికవుతుంది, ఇల్లూ నేనూ ఒకేసారి శుభ్రపడినట్టు ఉంటుంది. ఆ బట్టలు మాత్రం ఎక్కడో ఉండనే ఉంటాయి. పాత బట్టలోంచి మళ్ళీ కొత్త బట్టగా మారేది ప్రపంచం మొత్తం మీద ఒక్క శాతం కూడా లేదని, వస్తువుల పునర్వినియోగం కోసం పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లోనే లెక్కగట్టింది. ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగినవాళ్ళకే ఇస్తాను. మిగతావి నా బాధ్యతగా నా ఇంట్లోనే ఉంటాయి.

12వ రోజు

ఐదో గడి నిండింది. రాయడానికి చెయ్యి ఆడలేదు, అయినా రాస్తున్నాను.

గత మూడేళ్ళలో "మంచి" ముద్ర చూసి కొన్నవి 23. సేంద్రియం, రీసైకిల్, న్యాయమైన కూలి, ఇలా ఏదో ఒక ముద్ర. వాటిలో పదిసార్లకు మించి వాడినవి 7. ఎక్కువసార్లు వాడిన వస్తువు ఏదా అని వెతికితే పదకొండేళ్ళ కిందటి నీలం చొక్కా తేలింది. దానికి లేబులే లేదు. దాని ఐదో గడి ఖాళీ, ఎవరూ చూడాలని కొన్నది కాదు. ఆ 23లో 16 వస్తువుల ఎదురుగా ఎవరో ఒకరి పేరుంది. ఆఫీసువాళ్ళు, పాత స్నేహితులు, రెండుచోట్ల అక్క.

మన వస్తువులు మన వ్యక్తిత్వానికి కొనసాగింపుగా మారిపోతాయని రస్సెల్ బెల్క్ 1988లో ఒక పరిశోధనా వ్యాసంలో వాదించాడు. పోగొట్టుకుంటే మనలో కొంత పోయినట్టు అనిపించేది అందుకేనట. నీలం చొక్కా విషయంలో అది అక్షరాలా నిజం. ఆ 16 వస్తువులు పోతే నాలో ఏదీ పోదు. ఇంకొకరి కళ్ళలో నా బొమ్మ కొంచెం చెరుగుతుంది, అంతే. ఈ తేడా నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

19వ రోజు

మొదటి రఫూ. నీలం చొక్కా మోచేతి దగ్గర రూపాయి బిళ్ళంత చిరుగు.

చిరుగు కింద పాత బల్బు పెట్టి గుడ్డను దాని మీద పరిచాను. ముందు నిలువు పోగులు. చిరుగు అంచు దగ్గరే మొదలుపెట్టకూడదు, చుట్టూ గట్టి గుడ్డలోకి ఒక సెంటీమీటరు దాకా పోవాలి, లేకపోతే రెండు ఉతుకులకే అంచు జారిపోతుంది. నిలువు పోగులు పడ్డాక అడ్డం పోగును ఒకదాని మీదుగా, ఇంకోదాని కిందుగా పోనివ్వాలి. పడుగూ పేకా, మగ్గం మీద జరిగేదే. చేసేది సూది, అంతే తేడా. గట్టిగా ఉండాలని దారం బిగించి లాగాను. బల్బు తీయగానే చొక్కా ముడుచుకుపోయింది. గంటన్నర పనిని పది నిమిషాల్లో విప్పేశాను.

20వ రోజు

మళ్ళీ చేశాను. వదులుగా లాగాను. నిలిచింది.

ఒక విషయం రాసుకోవాలి. బిళ్ళంత జాగాకు గంటన్నర పట్టింది. మొత్తం చొక్కాలో ఎంత నేత ఉందో, ఎన్ని కుట్లున్నాయో వేళ్ళకు తెలియడం ఇదే మొదటిసారి. ఎవరు కుట్టారన్న ప్రశ్న అంతకుముందు నాకు పుస్తకాల్లోంచి వచ్చింది. ఈ రాత్రి మెడ నొప్పిలోంచి వచ్చింది.

33వ రోజు

మాట తప్పాను. రెండు వారాల్లో ఐదు బట్టలు బాగుచేశాను. ఆ తృప్తిలో రాత్రి పదకొండు దాటాక ఫోన్‌లో ఒక జత బూట్లు ఆర్డర్ పెట్టాను. అవసరం లేదు, ఉన్నవి బాగానే ఉన్నాయి. నొక్కేటప్పుడు మనసులో మెదిలిన మాట ఇది: ఇంత చేశాను కదా.

నినా మజార్, చెన్-బో ఝాంగ్ 2010లో ఒక ప్రయోగం ప్రచురించారు. పర్యావరణహితమైన సరుకులు కొన్నవాళ్ళు ఆ తర్వాత పెట్టిన ఆటలో మిగతావాళ్ళకంటే ఎక్కువ మోసం చేశారని అందులో తేలింది. మంచి చేసిన ఖాతాలో కొంత జమైందని, అందులోంచి కాస్త వాడుకోవచ్చని మనసు అనుకుంటుందని వాళ్ళ వాదన. 2019లో వేరే పరిశోధకులు అదే ప్రయోగాన్ని మూడుసార్లు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి మనుషులంతా ఇంతేనని నేను రాయను. నా నోట్‌బుక్ తిరగేస్తే మాత్రం, గత రెండేళ్ళలో "మంచి" ముద్రతో కొన్న ప్రతి పెద్ద వస్తువు తర్వాత వారం పది రోజుల్లో ఏదో ఒక అనవసరపు కొనుగోలు ఉంది. తేదీలు పక్కపక్కనే ఉన్నాయి. మంచితనాన్ని నేను జమాఖర్చుల్లా వాడుకుంటున్నాను.

బూట్లు 165వ వరసలో రాశాను. ఐదో గడిలో: నేనే.

41వ రోజు

ఫోన్ బ్యాటరీ మార్చాను. ఫోన్ నాలుగేళ్ళది. బ్యాటరీ సామర్థ్యం 74 శాతానికి పడిపోయి మధ్యాహ్నానికే చతికిలబడుతోంది. స్మార్ట్‌ఫోన్ జీవితకాలంలో వెలువడే కర్బనంలో అత్యధిక భాగం మన చేతికి రాకముందే, తయారీలోనే వెలువడిపోతుంది. కాబట్టి నేను చేయగలిగిన పెద్ద పని దీన్ని ఇంకో మూడేళ్ళు నడపడం.

ఛార్జింగ్ 20 శాతానికి దింపి, ఫోన్ ఆపి, వెనక పలకను హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టాను. జిగురు మెత్తబడ్డాక పలచటి ప్లాస్టిక్ ముక్కతో అంచు చుట్టూ తిప్పాను. మరలు ఏ చోటువి ఆ చోట ఉండేలా కాగితం మీద ఫోన్ బొమ్మ గీసి దాని మీద పేర్చాను. కష్టమంతా పాత బ్యాటరీ ఊడదీయడంలో ఉంది. దాన్ని వంచినా, గుచ్చినా నిప్పంటుకునే ప్రమాదం ఉంది. లోహపు పనిముట్టు దగ్గరికి రానివ్వలేదు. పది నిమిషాల పని అనుకున్నది రెండు గంటలు పట్టింది. ఫోన్ వెలిగింది. పాత బ్యాటరీ కొనలకు టేపు చుట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇచ్చి వచ్చాను.

ఇంత జిగురు ఎందుకు పెట్టారని కోపం వచ్చింది. 2022లో ప్రపంచంలో పోగైన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు దొరికింది 22.3 శాతమే. కొనేవాడి బుద్ధి ఎంత మంచిదైనా జిగురు దగ్గర ఓడిపోతుంది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే చాలా పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్ళే తీసి మార్చుకోగలిగేలా ఉంచాలి. ఆ ఒక్క నిబంధన ఎన్ని కోట్లమందికి ఈ రెండు గంటల కష్టం తప్పిస్తుందో!

58వ రోజు

అక్క వచ్చింది. కొత్త డ్రెస్ సంతోషంగా చూపించింది. నేను బాగుందన్నాను, అంటూనే మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి లేబుల్ తిప్పాను. అలవాటైపోయింది. అక్క చటుక్కున పక్కకు జరిగింది.

"నా బట్టని చూస్తున్నావా, నన్నా?"

"ఊరికే చూశానక్కా."

"ఊరికే కాదు. ఈమధ్య నీ ముందు ఏదైనా వేసుకోవాలంటే పరీక్షకు కూర్చున్నట్టుంది నాకు. ఇద్దరు పిల్లల్ని లేపి, బడికి పంపి, ఆఫీసుకు పరిగెత్తేదాన్ని. ఏ బట్ట ఎక్కడ కుట్టారో ఎప్పుడు వెతకను? నువ్వు మంచిదానివైతే అవ్వు, నన్ను చెడ్డదాన్ని చెయ్యకు."

జవాబు చెప్పలేకపోయాను. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళింది, అదే ఎక్కువ బాధగా ఉంది.

రాత్రి పాత చరిత్ర ఒకటి చదువుతూ కూర్చున్నాను. 1791లో బ్రిటన్ పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని ఆపే బిల్లును తిప్పికొట్టింది. అప్పుడు జనం కరీబియన్ తోటల్లో బానిసలతో పండించిన పంచదార మానేశారు. దాదాపు 3 లక్షల మంది మానేశారని ఆ ఉద్యమంలో తిరిగిన థామస్ క్లార్క్‌సన్ అంచనా. ఓటు హక్కు లేని ఆడవాళ్ళు ఇంటి ఖర్చు తమ చేతిలో ఉందన్న ఒక్క అధికారంతో దీన్ని నడిపించారు. తర్వాత 1820ల్లో మళ్ళీ ఊపందుకున్నప్పుడు, "ఇది బానిసలు చేసింది కాదు" అని అక్షరాలు రాసిన పంచదార గిన్నెలు బల్లల మీదికి వచ్చాయి. నా గుడ్డ సంచికి రెండు వందల ఏళ్ళ కిందటి ముత్తవ్వ ఆ గిన్నె.

మొదట సిగ్గుపడ్డాను, చూపించుకోవడం అప్పుడూ ఉందన్నమాట అని. కాసేపటికి నా ఆలోచన తప్పనిపించింది. ఆ గిన్నె ఇంటికొచ్చిన మనిషితో మాట మొదలుపెట్టింది. పక్కనే అర్జీ కాగితం ఉంది, సంతకం చేయమని అడిగారు, పార్లమెంటు మీదికి వెళ్ళారు. బానిసల వ్యాపారాన్ని బ్రిటన్ అంతకుముందే, 1807లో నిషేధించింది, 1833లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం వచ్చింది. ఒక్క గిన్నెతో ఇదంతా జరగలేదు, తోటల్లో బానిసలే చేసిన తిరుగుబాట్లు లేకుండా అసలు జరిగేది కాదు. కానీ గిన్నె వెనక ఒక పని ఉంది. అక్క మెడ దగ్గర నా చెయ్యి వెనక ఏ పనీ లేదు, తీర్పు తప్ప.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఎవరి పిడికిలి ఎంతదో కొలవడంలో నాకు ఆసక్తి ఎక్కువైపోయింది.

59వ రోజు

అక్కకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. "సరేలే" అంది.

74వ రోజు

ఒక వస్తువు పుట్టుక దాకా పోతానని మొదటిరోజు రాసుకున్నాను. బూడిద రంగు టీషర్టు ఎంచుకున్నాను, రెండేళ్ళ కిందట "మంచి పత్తి" ముద్ర చూసి కొన్నది.

కంపెనీకి ఉత్తరం రాసేముందు ఏం అడగాలో తెలుసుకోవడానికి రానా ప్లాజా గురించి మళ్ళీ చదివాను. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో ఆ భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు పగుళ్ళిచ్చాయి. కింది అంతస్తుల్లోని దుకాణాలు, బ్యాంకు మూసేశారు. పైన కుట్టుపని చేసేవాళ్ళను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. ఆ వార్త చూసిన ఏడాది నేను ఆ దేశంలో కుట్టిన బట్ట కొననని ఒట్టు పెట్టుకున్నాను. చాలా గొప్పగా అనిపించింది.

ఇప్పుడు చదువుతుంటే తెలుస్తోంది, కార్మిక సంఘాలు కోరింది నా ఒట్టు కాదు. కొనడం మానేస్తే ముందు పోయేది వాళ్ళ ఉద్యోగమే. వాళ్ళు అడిగింది సంతకం. ఆ ఏడాది మేలోనే కంపెనీలకు, కార్మిక సంఘాలకు మధ్య చట్టబద్ధమైన ఒప్పందం కుదిరింది. క్రమంగా 200కు పైగా కంపెనీలు సంతకం చేశాయి. ఇంజనీర్లు ఫ్యాక్టరీలకు వెళ్ళి మెట్లు, తలుపులు, కరెంటు తీగలు, స్తంభాలు తనిఖీ చేశారు, ఏం తేలిందో బయటపెట్టారు. ఆ సంతకాలు పడటానికి కొనేవాళ్ళ ఒత్తిడి కూడా ఒక కారణం. నేను ఆ ఒత్తిడిలో లేను. నా ఒట్టుతో నేను ఇంట్లో ఉన్నాను.

ఉత్తరంలో మూడు ప్రశ్నలు పెట్టాను. ఈ టీషర్టు కుట్టిన ఫ్యాక్టరీ పేరు, చిరునామా ఏమిటి? ఆ ఫ్యాక్టరీలో కార్మిక సంఘం ఉందా? మీ ముద్ర ఉన్న పత్తి నిజంగా ఈ గుడ్డలో ఉందా?

96వ రోజు

జవాబు వచ్చింది. నా ప్రశ్నలు తప్ప అన్నీ ఉన్నాయి. పైన పటారం లోన లొటారం. అవే మూడు ప్రశ్నలు మళ్ళీ పంపాను.

118వ రోజు

ఈసారి ఎవరో మనిషి చదివారు. ఫ్యాక్టరీల జాబితా ఉన్న పేజీ పంపారు, అందులో ఆ ఏడాది టీషర్టులు కుట్టిన రెండు ఫ్యాక్టరీల పేర్లున్నాయి. నాది ఏ ఒక్కదాంట్లో అన్నది చెప్పలేమన్నారు. సంఘం సంగతి రాయలేదు. మూడో ప్రశ్నకు జవాబు నేను ఊహించనిది. ఆ ముద్ర "మాస్ బ్యాలెన్స్" పద్ధతిదట.

అర్థం చేసుకోవడానికి ఒక పూట పట్టింది. కంపెనీ వంద టన్నుల మంచి పత్తికి డబ్బు కడుతుంది. ఆ పత్తి మిల్లులో మామూలు పత్తితో కలిసిపోతుంది. వంద టన్నులకు సరిపడా బట్టల మీద ముద్ర వేసుకోవచ్చు, ఆ బట్టలో ఏ పత్తి ఉన్నా సరే. బరువుల లెక్క సరిపోతే చాలు. ఇది మోసం కాదు. చిన్న రైతుల పత్తిని పొలం నుంచి చొక్కా దాకా విడిగా ఉంచడం ఖరీదైన పని, ఈ పద్ధతిలో ఎక్కువమంది రైతులు చేరగలుగుతారు. సేంద్రియ బట్టలకు ఇచ్చే గాట్స్ ముద్ర వేరు. అందులో "ఆర్గానిక్" అని రాయాలంటే కనీసం 95 శాతం ధ్రువీకరించిన సేంద్రియ నార ఆ బట్టలోనే ఉండాలి.

రెండేళ్ళుగా ఆ టీషర్టు వేసుకున్నప్పుడల్లా నా ఒంటి మీద మంచి పత్తి ఉందనుకున్నాను. ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఎక్కడో ఒక రైతుకు మేలు జరిగి ఉండొచ్చు. నాకు ఏది కావాల్సి వచ్చింది, రైతుకు మేలా, నా ఒంటి మీద పత్తా? ఈ ప్రశ్న రాసి చాలాసేపు పెన్ను కిందపెట్టాను.

సంఘం గురించి మూడో ఉత్తరం పంపాను.

131వ రోజు

డారిల్ బెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మాట చెప్పాడు. మన లోపలి అభిప్రాయం మనకే స్పష్టంగా లేనప్పుడు, బయటివాళ్ళు మనల్ని చూసి ఊహించినట్టే మనమూ మన పనుల్ని చూసి మనమెవరో ఊహించుకుంటామని. గుడ్డ సంచి తగిలించుకున్నప్పుడు నన్ను నేను అలాగే చూసుకున్నాను: సంచి ఉంది, కాబట్టి మంచి మనిషిని. ఇప్పుడు నా కళ్ళ ముందుండే పనులు వేరు. సూది ఎక్కిస్తున్నాను, మాసిక వేస్తున్నాను, జవాబు రాని ఉత్తరం మళ్ళీ రాస్తున్నాను. ఎవరైనా ఎలాంటి మనిషివని అడిగితే ఏం చెప్పాలో ఇదివరకంత చురుగ్గా తోచడం లేదు. ఆ తడబాటు నాకు నచ్చుతోంది.

152వ రోజు

అక్క పెద్దవాడి ప్యాంటు తెచ్చింది, మోకాలు పోయింది. "నీకు వచ్చుగా" అని ఇచ్చి వెళ్ళిపోతుందనుకున్నాను, కూర్చుంది. నా దగ్గర ఇక బాగుపడవని పక్కన పెట్టిన బట్టలు రెండున్నాయి, వాటిలో ముదురు రంగుదాన్ని కత్తిరించాను. లోపలివైపు నుంచి మాసిక పెట్టి, ముందు టాకాలు వేసి, అంచు మడిచి కుట్టడం చూపించాను. మోకాలు వంగేచోటు కాబట్టి మాసిక చిరుగుకంటే అన్నివైపులా రెండు వేళ్ళు ఎక్కువుండాలి. సగం తనే కుట్టింది. తన కుట్టు నాకంటే నీటుగా పడింది.

"ప్రతిదీ ఇలా కుట్టలేను నేను, ముందే చెబుతున్నా."

"అవసరం లేదక్కా."

"ఆ కంపెనీవాళ్ళు ఏమన్నారు?"

చెప్పాను. సంఘం గురించి జవాబు రాలేదనగానే సూది ఆపింది. "నా పేరూ పెట్టి రాయి ఈసారి. ఇద్దరం అడిగినట్టుంటుంది." ఆమె ఒంటి మీద అదే డ్రెస్ ఉంది. లేబుల్ నాకు గుర్తుకే రాలేదు, ఈ వాక్యం రాస్తున్నప్పుడు గుర్తొచ్చింది.

180వ రోజు

లెక్క. 164కి బూట్లు కలిపి 165. అడిగి తీసుకెళ్ళినవి 6, మాసికల కింద కత్తిరించినవి 2. మిగిలింది 157. బాగుచేసిన బట్టలు 19, వాటిలో రెండు మళ్ళీ చిరిగాయి. మార్చిన బ్యాటరీలు 2. ఒక ఇయర్‌ఫోన్ తెరవబోయి పూర్తిగా పాడుచేశాను. ఎనిమిది గుడ్డ సంచులు అటక మీద ఉన్నాయి, ఒకటి గుమ్మం దగ్గర వేలాడుతోంది. దాని మీది అక్షరాలు చదవడానికి వీల్లేనంతగా వెలిసిపోయాయి.

నోట్‌బుక్‌లో ఇంకా 40 పేజీలున్నాయి. ఇద్దరి సంతకాలతో పంపిన ఉత్తరానికి జవాబు రాలేదు, 20 రోజులైంది. వచ్చే సోమవారం మళ్ళీ రాస్తాం, ఈసారి రాసేది అక్క. ఆకుపచ్చ స్వెటర్‌కు చిరిగిన మోచేయి ఇంకా తెరిచే ఉంది, ఆ రంగుకు సరిపడే ఊలు దొరకలేదు. ఉన్న పసుపు ఊలుతోనే రేపు మొదలుపెడతాను.